ఫోన్ల ఆట, మన పిల్లగాండ్ల నిద్ర, మన జీతం

శాన రోజుల తర్వాత రాస్తున్న. కొంచెం పొడుగు ఉంటది, ఓపిక చేసుకొని చదవండి. క్యాంపులల్ల ఉన్నోళ్లు ముఖ్యంగా చదవండి.

పోయిన నెల మా సైట్ల ఒక ముచ్చట జరిగింది. నాలుగో అంతస్తుల స్లాబు షట్టరింగ్ పని నడుస్తుంది. పొద్దున ఏడు కూడ కాలేదు. మా గ్యాంగుల ఒక పిల్లగాడు ఉన్నడు, ఇరవై మూడేండ్లు, జగిత్యాల దిక్కు. స్కాఫోల్డింగ్ మీద నిలబడి కింది నుంచి ప్లైవుడ్ షీట్ అందుకుంటున్నడు. చేతులు చాపిండు, కండ్లు మూతపడ్డయి, అంతే. ఒక కాలు ప్లాంకు దాటి జారింది. బెల్టు హుక్కు లైఫ్‌లైన్‌కు తగిలించి ఉన్నది కాబట్టి గాలిలో ఏలాడి ఆగిండు. ముగ్గురం కలిసి పైకి గుంజినం. మోచెయ్యి గీసుకపోయింది తప్ప ఏం కాలేదు.

కిందికి తీసుకొచ్చి నీడకు కూసోబెట్టి నీళ్లిచ్చి అడిగిన. "రాత్రి ఎన్ని గంటలు పన్నవ్ తమ్మీ?"

"రెండు గంటలు అన్నా."

"ఏం చేసినవ్ అప్పటిదాంక?"

తల దించుకున్నడు. పక్కన వాని రూమ్మేట్ అన్నడు, "గేమ్ అన్నా. రోజూ గదే."

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గయింది. ఎందుకంటే రెండేండ్ల కింద ఆ పిల్లగాని ఫోన్ల మొట్టమొదటి గేమ్ ఎక్కించింది నేనే.

అది చెప్తే గాని ఈ ముచ్చట పూర్తి కాదు. వాడు కొత్తగ వచ్చినప్పుడు మొదటి నెల రోజూ ఏడ్చేటోడు. అన్నం తినకపోయేది. నేను వాని ఫోన్ తీసుకొని లూడో ఎక్కించి, "రా తమ్మీ, ఒక ఆట ఆడుదాం" అని కూసోబెట్టిన. నలుగురం కలిసి ఆడినం, నవ్వినం. వాడు ఆ రోజు మంచిగ తిని పడుకున్నడు. నేను ఏదో పుణ్యం చేసిన అనుకున్న.

నాకు లూడో మీద నమ్మకం ఊకె రాలేదు. 2020ల కరోనా వచ్చినప్పుడు మా క్యాంపు గేటు మూసిన్రు. ఒక్కో రూముల ఆరుగురం. పని లేదు, బయటికి పోవుడు లేదు, ఇంటికి విమానం లేదు. ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరిని అంబులెన్స్ తీసుకపోయిందో అని పొద్దుమీకి భయం. అప్పుడు మమ్మల్ని పిచ్చి పట్టకుండ కాపాడింది ఫోన్ల లూడోనే. అటు ఇంటి దగ్గర చెల్లె, ఇటు నేను, మస్కట్ల బామ్మర్ది, ముగ్గురం ఒకే బోర్డు మీద ఆడుకున్నం. అందుకే, "ఫోన్ల ఆట పాడు ఆట, బంద్ పెట్టండి" అని నేను అనను. అట్ల అనేటోనికి క్యాంపు బతుకు తెల్వదు.

అసలు ఇది ఇంత ఎట్ల పెరిగిందో ఒకసారి చూడండి. నేను ఈ దేశం వచ్చినప్పుడు నోకియా ఫోన్ల ఒక్క పాము ఆట ఉండేది. పాము గోడకు తగిలితే ఆట అయిపోయేది. ఫోన్ జేబుల పెట్టుకొని పడుకునేటోళ్లం. క్యాంపుల క్యారంబోర్డు ఉండేది, ఖాళీ జాగల వాలీబాల్ నెట్టు ఉండేది. టీవీ రూముల అందరం కలిసి సినిమా చూసేది. తర్వాత చేతికి స్మార్ట్ ఫోన్లు వచ్చినయి. ఇంటి దిక్కు 2016ల జియో వచ్చినంక డేటా ఉచితం లెక్కనే అయింది. పైసలు పంపుడు కూడ యూపీఐతోటి వేలు పెడితే అయిపోయే పని అయింది. ఈ మూడు కలిసినయి. మూడేండ్ల పోరడు కూడ ఫోన్ ఇస్తేనే బుక్క నోట్ల పెట్టుకుంటడు. ఇగ ఇరవై మూడేండ్లోడు ఎందుకు ఆగుతడు?

మన దగ్గర ఇంకో కారణం ఉంది. లెక్క చూడండి. పొద్దున నాలుగుంబావుకు లేస్తం, ఐదింటికి బస్సు. పని, ఓటీ, మళ్ల బస్సు, రూముకొచ్చేసరికి రాత్రి ఎనిమిది. ఇక్కడ ఎనిమిది అంటే ఇంటి దగ్గర తొమ్మిదిన్నర. స్నానం చేసి, వండుకొని, తినేసరికి అక్కడ పదకొండు దాటుతది. పిల్లలు పడుకున్నరు, అమ్మానాయిన పడుకున్నరు. భార్య కూడ కండ్లు మూతలు పడుకుంటనే మాట్లాడ్తది. పది నిమిషాల మాటలు అయిపోయినంక మనకు మిగిలేది ఏంది? పై బెడ్డు, ఒక దుప్పటి, ఒక ఫోను. ఆ టైముల మనిషి ఏడ్వకుండ ఉండాలంటే ఏదో ఒకటి కావాలె. గేమ్ తయారు చేసేటోడు సరిగ్గ ఆ జాగల వచ్చి కూసున్నడు.

కాని గేములన్నీ ఒక్కటి కావు. నాకు తెలిసినకాడికి మూడు రకాలు.

ఒకటి, టైమును తినేటివి. లూడో, క్యాండీ, బస్సు తోలుడు లాంటివి. పైసలు పోవు, నిద్ర పోతది. ఆట ఉచితమే కాని మధ్యల యాడ్లు చూపెట్టి వాళ్ల పైసలు వాళ్లు తీసుకుంటరు. మనం ఎంతసేపు చూస్తే వాళ్లకు అంత లాభం, అందుకే ఆట ఎన్నటికీ ముగియదు.

రెండు, లోపల సామాను అమ్మేటివి. ఫ్రీ ఫైర్, పబ్జీ. ఆడుడు ఉచితం. కాని తుపాకికి రంగు, మనిషికి కొత్త డ్రెస్సు కావాలంటే డైమండ్లో, యూసీలో కొనాలె. డ్రెస్సును కూడ నేరుగ అమ్మరు, చక్రం తిప్పమంటరు. వస్తే వస్తది, లేకుంటే మళ్ల తిప్పు. జాతరల చక్రం తిప్పేటోడు ఇదే పని చేస్తడు. ఇక్కడ ఆ చక్రం మీ పిల్లగాని పక్కల పడుకుంటది.

మూడు, అసలుకే పైసలు పెట్టి ఆడేటివి. రమ్మీ, పైసల లూడో, రంగు చెప్పే ఆటలు, క్రికెట్ బెట్టింగు. ఆ పిల్లగాడు మొదటి రకంల మొదలుపెట్టి మూడో రకం దాంక పోయిండు. లూడో ఆడుతుంటే మధ్యల యాడ్ వచ్చింది, "ఇదే ఆట ఆడి పైసలు గెలువు" అని. ముందు వంద రూపాయలు బోనస్ ఇచ్చిన్రు. మొదటి వారం నాలుగు వేలు గెలిచిండట. వాడు నాకు చెప్పిన మాట ఏందంటే, "అన్నా, నాలుగు వేలు అంటే నా ఐదు రోజుల ఓటీ. పడుకొని సంపాయించిన."

ఆ నాలుగు వేలే వాన్ని ముంచింది. ఐదు నెలలల్ల లక్షా పదివేలు పోయినయి. వాళ్ల నాయిన వీసా కోసం ఎనభై వేలు మూడు రూపాయల మిత్తికి తెచ్చిండు. ఆ అప్పు అట్లనే ఉన్నది, మిత్తి పెరుగుతనే ఉన్నది. అది రాబట్టుకుందామని ఇంకా ఆడిండు. రాత్రి రెండు గంటల దాంక ఎందుకు మేల్కున్నడో ఇప్పుడు అర్థమైందా? వాడు మజా చేస్తలేడు, మిత్తి కట్టే ప్రయత్నం చేస్తున్నడు.

ఇందుల నైపుణ్యం ఉన్నోడు గెలుస్తడని కొందరంటరు. నేను పదో తరగతి దాంకనే చదివిన. కాని రోజూ సిమెంటు బస్తాలు, ఇనుము టన్నులు లెక్క కట్టేటోన్ని, నా లెక్క వినండి. పది మంది తలా వంద పెట్టి కూసున్నరు అనుకుందాం. మొత్తం వెయ్యి. ప్రతి ఆటకు కంపెనీ నూటికి పది కోసుకుంటది అనుకుందాం. ఒక ఆట అయ్యేసరికి పది మంది దగ్గర కలిపి తొమ్మిది వందలు. అవే మళ్ల పెడితే ఎనిమిది వందల పది. అట్ల ఏడు ఆటలు తిరిగేసరికి నాలుగు వందల డెబ్బై ఎనిమిది. పది మందిల ఎవడు గెలిచిండు, ఎవడు ఓడిండు పక్కన పెట్టండి. బల్ల మీద ఉన్న పైసలల్ల సగం కంటె ఎక్కువ లేచి కంపెనీ జేబులకు పోయినయి. ఎంత మంచిగ ఆడినా బల్లకు తూటు ఉన్నది అన్నా. తూటు ఉన్న బిందెల నీళ్లు ఎవడు పోసినా నిండదు.

"మరి ప్రభుత్వం ఏం చేస్తుంది?" అని అడుగుతరు. చేయలేదని అనలేం. తెలంగాణల 2017లోనే డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని బంద్ పెట్టిన్రు. ఆంధ్రల 2020ల పెట్టిన్రు. 2025 ఆగస్టులో కేంద్రం దేశం మొత్తానికి చట్టం తెచ్చింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. నైపుణ్యమా, అదృష్టమా అనే పంచాయితీ లేకుండ పైసలు పెట్టే ఆటలన్నీ బంద్ అన్నరు. నడిపేటోనికి మూడేండ్ల దాంక జైలు, కోటి రూపాయల దాంక జరిమానా. యాడ్ ఇచ్చేటోనికి రెండేండ్లు, యాభై లక్షలు. ఆడి మోసపోయినోనికి శిక్ష లేదు, అది మంచి మాటే. మన క్రికెట్ టీం చొక్కా మీద ఉన్న డ్రీం 11 పేరు కూడ ఆ దెబ్బకే పోయింది.

కాని బంద్ అంటే బంద్ అయితదా? 2020 సెప్టెంబర్‌లో పబ్జీని బంద్ పెట్టిన్రు, 2021ల అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకొని వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను బంద్ పెట్టిన్రు, పిల్లలు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఎక్కించుకున్నరు. పైసల ఆటలు కూడ గట్లనే. యాప్ పోయింది, టెలిగ్రాంల లింకు వచ్చింది. ఎవడో ముక్కు మొహం తెల్వనోడు ఒక యూపీఐ నంబర్ ఇస్తడు, దానికి పైసలు కొట్టాలె. గెలిస్తే ఇస్తడో లేదో వానికే తెలుసు. మా పిల్లగానికి చివర ఇరవై రెండు వేలు గెలిచినట్టు బొమ్మ చూపెట్టి, తీసుకోవాలంటే ముందు ఐదు వేలు ట్యాక్స్ కట్టుమన్నడు. కట్టిండు. నంబర్ బంద్ అయింది. ఇట్ల మోసపోయినోళ్లు ఇంటి దగ్గర ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలె. ఆలస్యం చేస్తే పైసలు చేతులు మారిపోతయి.

ఇంకోటి గట్టిగ చెప్తున్న. మనం ఉన్నది దుబాయిల. ఇక్కడ లైసెన్స్ లేని జూదం నేరం. వీపీఎన్ పెట్టుకొని నేరం పని చేస్తే జరిమానానే 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలు. మన జీతం వెయ్యి, పన్నెండు వందలు. లెక్క పెట్టుకోండి ఎన్ని జన్మలు కట్టాలెనో. దోస్తు చెప్పిండని వీపీఎన్ ఎక్కించుకొని ఆ లింకులు తెరిచే తమ్ముళ్లు ఈ ఒక్క మాట యాద్‌ల పెట్టుకోండి.

నేను ఇది మాట్లాడితే మా రూముల ఒక పెద్దమనిషి అన్నడు, "మన కాలంల పేకాట లేదానయ్యా? తాగి పడిపోయినోళ్లు లేరా? పోరగాండ్లు ఫోన్ చూసుకుంట మూలకు పడి ఉంటున్నరు, మంచిదే కద." మంచి ప్రశ్నే. నేను రెండు రోజులు ఆలోచన చేసిన. తాగుడు కంటె మేలు అనే మాట నిజమే. పేకాట ఉన్నమాట కూడ నిజమే, నేను కూడ ఆడిన. కాని పేకాటకు నలుగురు కావాలె. ఒకనికి నిద్ర వస్తే ఆట లేస్తది. జేబుల పైసలు అయిపోతే లేస్తది. ఇంకా ముఖ్యం ఏందంటే, పేకాటల ఓడినోని మొహం పక్కోనికి కనపడ్తది. "ఇగ చాలు, పోయి పడుకో" అని ఎవడో ఒకడు అంటడు. ఫోన్ల ఓడినోని మొహం దుప్పటి కింద ఉంటది. మా పిల్లగాడు లక్షా పదివేలు పోగొట్టుకున్నది ఐదుగురు పడుకున్న రూములనే. ఒక్కనికి తెల్వలేదు. అదే నాకు అన్నిటికంటె భయం అయిన సంగతి.

ఇగ నా ఇంటి ముచ్చట. చెప్పకపోతే నేను దొంగనయిత.

నా కొడుకు తొమ్మిదో తరగతి. పోయిన దసరాకు రాలేకపోయిన అని మంచి ఫోన్ పంపిన. నేను లేని లోటు ఫోన్‌తోటి తీరుద్దామనుకున్న. సంక్రాంతికి వాళ్లమ్మ ఏడ్చుకుంట ఫోన్ చేసింది, ఖాతాల మూడు వేల నాలుగు వందలు తక్కువున్నయని. వాడు వాళ్లమ్మ పిన్ను చూసి డైమండ్లు కొన్నడు. నేను ఫోన్ల మస్తు తిట్టిన. అంత విని వాడు ఒక్క మాట అన్నడు, "నువ్వు కూడ రాత్రి పన్నెండు దాంక ఆన్‌లైన్ ఉంటవ్ గద డాడీ, మాతోని మాట్లాడవ్."

నిజం. నేను క్యాండీ ఆట ఆడుత. పైసలు పెట్టను గని, ఇంటికి చేసే ఫోన్ పది నిమిషాలు, ఆట గంటన్నర. నేను పిల్లగాన్ని ఏ నోటితోటి తిట్టాలె?

తర్వాత మేము ఏం చేసినమో చెప్తా. ఫోన్ గుంజుకోలేదు. గుంజుకుంటే వాడు దోస్తు ఫోన్ల ఆడుతడు. వాళ్ల మేనమామ వచ్చి ప్లే స్టోర్‌ల కొనేటప్పుడు ప్రతిసారి పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టిండు, ఫ్యామిలీ లింక్ ఎక్కించి రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ దానంతట అదే మూసుకునేటట్టు చేసిండు. యూపీఐ పిన్ను మార్చినం. చైనాల 2021 నుంచి పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలకు శుక్ర, శని, ఆదివారాలు, పండుగలల్ల రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాంకనే ఆన్‌లైన్ ఆట అని పెట్టిన్రు. మన దగ్గర అట్ల ప్రభుత్వం పెట్టదు, ఇల్లే పెట్టుకోవాలె. దాంతోపాటు నా సెలవు రోజు సాయంత్రం గంటసేపు నేను, నా కొడుకు, వాళ్లమ్మ ఒకే లూడో బోర్డు మీద ఆడుతున్నం. ఆడుకుంట మాట్లాడుకుంటం. మార్కులు ఎన్ని వచ్చినయని అడిగితే చెప్పని పోరడు, నా గోటీ చంపేటప్పుడు స్కూల్ ముచ్చట్లన్నీ చెప్తడు. అదే ఆట, నలుగురి మధ్యల ఉంటే ఒక తీరు, దుప్పటి కింద ఉంటే ఇంకో తీరు.

నా అభిప్రాయం ఇది. గేమ్ మీద కోపం పెట్టుకొని లాభం లేదు. ఒంటరిగ ఆడుడు, పైసలు పెట్టి ఆడుడు, నిద్ర అమ్ముకొని ఆడుడు, ఈ మూడింటిని ఆపాలె. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ ఆట మీద అదుపు తప్పుడును రోగాల లిస్టుల పెట్టింది, 2022 నుంచి అది అమలుల ఉన్నది. రోగం అయినప్పుడు తిడితే పోదు. ఇంటి దిక్కు ఉన్నోళ్లు 14416 టెలి మానస్‌కు ఫోన్ చేస్తే తెలుగుల మాట్లాడుతరు, పైసలు అడుగరు.

క్యాంపుల మనం చేసుకునే పనులు నాలుగు చెప్తా.

జీతం పడ్డ రోజే ఇంటికి పంపేయాలె, అదీ ఇంటోళ్ల ఖాతాకు. మా పిల్లగాడు ఐదు నెలలు తన సొంత ఖాతాకు పంపుకున్నడు. అదే మొదటి గుర్తు, మేము పట్టుకోలేకపోయినం. మీ రూముల ఎవడన్న అట్ల చేస్తే, నెల మధ్యల వందా రెండు వందల దిర్హమ్‌లు బదలు అడుగుతుంటే, ఆట కోసం ఇయ్యకండి. కారణం అడగండి.

రాత్రి పదిన్నరకు రూముల ఫోన్లన్నీ ఒక్క జాగల చార్జింగ్ పెట్టాలె, బెడ్డుకు దూరంగ. అలారం అక్కడ మోగితే లేచుడు కూడ అయితది. మా రూముల మొదలుపెట్టి ఇరవై రోజులయింది. మొదటి వారం అందరు నన్ను తిట్టుకున్నరు.

సూపర్‌వైజర్ అన్నలకు ఒక మాట. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌ల హెల్మెట్, బెల్టు, షూ అడుగుతున్నం. ఎంతసేపు పన్నవ్ అని అడుగుతున్నమా? ఎండకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాంక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాంక పని బంద్ ఉంటది కద, ఆ టైముల నీడకు పడుకోవాల్సినోళ్లు కూడ ఫోన్ పట్టుకొనే ఉంటున్నరు. కండ్లు ఎర్రగున్నోన్ని ఎత్తు మీదికి పంపకండి. కింద ఇనుము కట్టే పని ఇయ్యండి.

కంపెనీలకు కూడ ఒక మాట. మా క్యాంపుల క్యారంబోర్డు విరిగి మూడేండ్లయింది, కొత్తది అడిగితే రాలేదు. వాలీబాల్ జాగల బస్సులు పెడుతున్నరు. వైఫై మాత్రం అడగకముందే ఇచ్చిన్రు. మనిషి కదలకుండ పై బెడ్డు మీద ఉంటే ఖర్చు తక్కువ. కాని తెల్లారి ఆ మనిషే మీ నాలుగో అంతస్తు మీద నిలబడుతడు.

చివరికి ఆ పిల్లగాని సంగతి. నేను జరిగింది దాయలేదు, సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పిన. వార్నింగ్ లెటర్ వచ్చింది, రెండు వారాలు ఓటీ బంద్ అయింది. వాడు నా మీద కోపం పెట్టుకున్నడు, నాలుగు రోజులు మాట్లాడలేదు. నేను చేసింది తప్పా ఒప్పా అని ఇప్పటికీ అనుకుంట. కాని దాచి మళ్ల పైకి పంపితే, ఆ రోజు హుక్కు తగిలించుడు మర్చిపోతే, వాళ్ల నాయినకు ఫోన్ చేయాల్సింది నేనే. ఎనభై వేల అప్పు అయితే ఎట్లనో తీరుతది.

తర్వాత వాడే వచ్చిండు. మేమందరం కూసొని వాళ్ల నాయినకు ఫోన్ కలిపినం. వాడు చెప్పలేకపోతే నేను చెప్పిన. ఆ ముసలాయన శానసేపు మాట్లాడలేదు. తర్వాత, "పానం మంచిగున్నదా సారూ?" అని ఒక్కటే అడిగిండు. ఇప్పుడు జీతం నేరుగ వాళ్ల నాయిన ఖాతాకు పోతుంది, వాని చేతుల మెస్సు పైసలు రెండు వందలు ఉంటున్నయి.

మానేసిండా అంటే చెప్పలేను. మొన్న బస్సుల వాని ఫోన్ల పాచికల బొమ్మ కనపడ్డది. అడిగితే, "ఇది ఉచితందే అన్నా" అని చూపెట్టిండు. నేను పక్కకు జరిగి కూసొని, "నన్ను కూడ కలుపు" అన్న. క్యాంపు వచ్చేదాంక ఆడినం. వాడే గెలిచిండు.

మీ రూముల పై బెడ్డు మీద రాత్రి ఒంటిగంటకు వెలుగు కనపడితే ఊకోకండి. తిట్టకండి కూడ. లేపి, "ఏమైంది తమ్మీ, ఎంత పోయింది?" అని మెల్లగ అడగండి. ఎవరన్న అడుగుతరేమో అని వాడు చూస్తుండొచ్చు.

ఎవరి మనసన్న నొప్పిస్తే మన్నించండి. మీ క్యాంపులల్ల ఎట్లున్నదో మీరు కూడ రాయండి.